అమ్మానాన్నలతో కోకో ప్లాజాకి: ఎప్పుడు వెళ్లాలి, ఎలా చూడాలి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తే డిస్నీల్యాండ్ చూపించడం ఒక ఆనవాయితీ అయిపోయింది. అక్కడ ఏం జరుగుతుందో కూడా అందరికీ తెలిసిందే. పిల్లలు రైడ్ల వెంట పరిగెడతారు, పెద్దవాళ్లు బ్యాగులకి కాపలా కూర్చుంటారు. సాయంత్రం కారెక్కాక, "బానే ఉందిరా, కానీ మా ఇద్దరి టికెట్లూ దండగ" అంటారు.

ఆ మాట పడకుండా తప్పించుకునే వీలు ఏడాదిలో ఓ రెండు నెలలు ఉంటుంది. కాలిఫోర్నియాలో, అనహైమ్ ఊళ్లో, డిస్నీల్యాండ్ గేటుకి సరిగ్గా ఎదురుగా ఇంకో పార్కు ఉంది. పేరు డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్, 2001లో తెరిచారు. అక్కడ హాలోవీన్ సీజన్ మొదలయ్యే ఆగస్టు చివరి నుంచి నవంబరు మొదటి రోజుల దాకా ప్లాజా డె లా ఫమీలియా అని ఒక వేడుక నడుస్తుంది. డిస్నీ వాళ్ల యానిమేషన్ సినిమా కోకో ఆధారంగా పెట్టిన వేడుక అది. సినిమా వచ్చిన 2017లోనే మొదలుపెట్టారు. చనిపోయిన పెద్దల్ని తలుచుకునే మెక్సికన్ పండగ డియా డె లోస్ ముయెర్తోస్ దీనికి మూలం. ఇందులో రైడ్ లేదు, ఎత్తు కొలిచే కర్ర లేదు. పార్కు టికెట్ ఉంటే చాలు, విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పిల్లలతో. దారిలో తగిలింది కదా అని పది నిమిషాలు నిలబడి, ఫోటో తీసుకుని, తర్వాతి రైడ్ కి పరిగెత్తాం. రెండోసారి అమ్మానాన్నలతో వెళ్తే మూడు గంటలు అక్కడే ఉండిపోయాం. ఆ రెండోసారిలాగా వెళ్లడం ఎలాగో చెప్తాను.

ముందు ఇంట్లో చేయాల్సిన పని: సినిమా

వెళ్లడానికి రెండు మూడు రోజుల ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని కోకో చూడండి. గంటా నలభై అయిదు నిమిషాల సినిమా. ఇది చూడకుండా తీసుకెళ్తే పెద్దవాళ్లకి అక్కడ కనిపించేవి ఎముకల గూళ్లే. "పండగ పూట ఈ అశుభం ఏమిటి" అని మొహం తిప్పుకుంటే వాళ్ల తప్పేం లేదు.

భాష రాకపోయినా పర్వాలేదు, రెండు విషయాలు మాత్రం తెలుగులో చెప్పండి. ఒకటి: ఏడాదికోసారి పోయిన పెద్దలు ఇంటికి వస్తారు, కానీ ఇంట్లో పూజ దగ్గర వాళ్ల ఫోటో పెడితేనే బంతిపూల వంతెన దాటి రాగలరు. రెండు: బతికున్న వాళ్లలో తమని తలుచుకునే ఆఖరి మనిషి కూడా లేకపోతే ఆ పెద్దలు రెండోసారి చచ్చిపోతారు, ఇక ఎక్కడా ఉండరు. కథంతా ఈ రెండు మేకుల మీదే వేలాడుతుంది. పాటంటే గిట్టని చెప్పులు కుట్టే కుటుంబంలో పుట్టి, పాట కోసం కొట్టుకునే మిగేల్ అనే పిల్లాడు పొరపాటున పెద్దల లోకంలోకి వెళ్లడం, తిరిగి రావడానికి తంటాలు పడడం మిగతాది. కోకో ఆ పిల్లాడి పేరు కాదు, వాళ్ల ముత్తవ్వ పేరు. ఈ సంగతి సినిమా చూసిన వాళ్లలో కూడా సగం మంది మర్చిపోతారు.

మా నాన్న సినిమా అయిపోయాక ఒకటే మాట అన్నారు: "సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం కదా, ఇదీ అదే." దాంతో నా సగం పని అయిపోయింది.

ఇంకో మాట. మహాలయ పక్షాలు సెప్టెంబరు, అక్టోబరు మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి కాబట్టి ఈ సీజన్ లోనే పడతాయి. కొన్ని ఇళ్లలో ఆ పదిహేను రోజులూ సరదా ప్రయాణాలు పెట్టుకోరు. ఇంకొందరు, పెద్దల్ని తలుచుకునే చోటే కదా, అదే సరైన టైము అంటారు. టికెట్లు కొనకముందే అడగడం మంచిది.

తేదీ ఎంచుకోవడం

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇదే. ఈ సీజన్ లో కొన్ని సాయంత్రాలు కాలిఫోర్నియా అడ్వెంచర్ లో ఊగీ బూగీ బాష్ అనే హాలోవీన్ పార్టీ ఉంటుంది. దానికి వేరే టికెట్. ఆ రోజుల్లో మామూలు టికెట్ తో వచ్చిన వాళ్లకి పార్కు సాయంత్రం 6 గంటలకే మూసేస్తారు. పార్టీ టికెట్ ఉన్న వాళ్లని మధ్యాహ్నం నుంచే లోపలికి వదులుతారు కాబట్టి అప్పటి నుంచే జనం పెరుగుతారు. మీరేమో చీకటి పడ్డాక లైట్లు బావుంటాయి, అప్పుడు ప్లాజా దగ్గరికి వెళ్దాం అనుకుంటారు. బాష్ రోజైతే అప్పటికి మీరు గేటు బయట ఉంటారు. కాబట్టి డిస్నీల్యాండ్ వెబ్‌సైట్ లో ఆ తేదీకి పార్కు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో చూసి, ఆ తర్వాతే టికెట్ కొనండి. 6 అని కనిపిస్తే విషయం అర్థమైనట్టే.

అలాగని బాష్ రోజులు పనికిరావని కాదు. సాయంత్రం ఉండనివ్వరని చాలామంది ఆ రోజు మానేస్తారు, దాంతో పొద్దున పూట పార్కు కాస్త పల్చగా ఉంటుంది. పెద్దవాళ్లు సాయంత్రానికి ఎలాగూ అలిసిపోతారు, తొందరగా బయటపడదాం అనుకునే వాళ్లకి అదే మేలు. పొద్దున్నే వెళ్లి నాలుగింటికల్లా ప్లాజా పని ముగించుకునేట్టు చూసుకుంటే సరి.

ఎండ సంగతి కూడా ఉంది. సెప్టెంబరులో అనహైమ్ లో 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. హైదరాబాదు ఎండ చూసిన వాళ్లం, ఇదెంత అనుకోకండి. ఇంట్లో ఏసీలో కూర్చోవడం వేరు, సిమెంటు నేల మీద ఏడెనిమిది కిలోమీటర్లు నడవడం వేరు. నన్నడిగితే అక్టోబరు మూడో వారం తర్వాత, శనాదివారాలు కాకుండా, బాష్ లేని రోజు. నవంబరు 1, 2 అసలు పండగ రోజులు. మెక్సికన్ సంప్రదాయంలో మొదటి రోజు పసివాళ్లుగా పోయిన వాళ్లకి, రెండో రోజు పెద్దవాళ్లకి. ఆ తేదీల్లో చూడాలనుకుంటే ఆ ఏడాది వేడుక ఏ రోజుతో ముగుస్తుందో చూసుకోండి, అది ఏటా ఒక్కలా ఉండదు.

టికెట్లు, పార్కింగ్

మూడేళ్లు నిండని పిల్లలకి టికెట్ లేదు. 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకి పిల్లల టికెట్, పదేళ్లు వచ్చాయంటే పెద్దవాళ్ల టికెట్టే. సీనియర్ సిటిజన్ తగ్గింపు ఉంటుందేమో అని నాన్న ఆశగా అడిగారు, అలాంటిదేం లేదు. ధర రోజుని బట్టి మారుతుంది. ఒక్క రోజు టికెట్ ఎంత తక్కువైనా 100 డాలర్లు దాటుతుంది, బాగా గిరాకీ ఉన్న రోజు అది దాదాపు రెట్టింపు అవుతుంది. కొనేటప్పుడు తేదీతో పాటు పార్కు పేరు కూడా చూసుకోండి. రెండు పార్కుల గేట్లూ ఎదురెదురుగా ఉన్నా టికెట్ ఒక పార్కుకే. అలవాటుగా డిస్నీల్యాండ్ అని నొక్కేస్తే ప్లాజాకి ఎదురుగా నిలబడి కూడా లోపలికి వెళ్లలేరు. ఒకే రోజు రెండూ తిరగాలంటే పార్క్ హాపర్ తీసుకోవాలి. అమ్మానాన్నలతో వెళ్తే నేనైతే వద్దంటాను. ఆ అదనపు డబ్బుతో హాయిగా భోజనం చేయొచ్చు.

పార్కింగ్ కి విడిగా 30 డాలర్ల పైనే అవుతుంది. పెద్ద బిల్డింగుల్లో అంతస్తులు అంతస్తులుగా కార్లు. దిగగానే మీ అంతస్తు, వరుస నంబరు ఉన్న బోర్డుని ఫోటో తీసుకోండి. రాత్రి అలిసిపోయిన కాళ్లతో కారు వెతకడం కంటే నరకం లేదు.

బ్యాగులో ఏం పెట్టాలి

మన వాళ్లకి ఇది శుభవార్త: ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు కుదరవు, వేడి చేయాల్సినవీ, ఫ్రిజ్ లో ఉంచాల్సినవీ వద్దంటారు, ఘాటైన వాసన వచ్చేవీ వద్దంటారు. ఈ రూల్ చదివితే పులిహోర కోసమే రాశారేమో అనిపిస్తుంది. ఆవకాయ డబ్బా మాత్రం ఇంట్లో వదిలేయండి, గాజు సీసా అయితే రెండు రూల్సూ తప్పినట్టు. చల్లటి నీళ్లు కౌంటర్ ఉన్న హోటళ్లలో అడిగితే ఉచితంగా గ్లాసుతో ఇస్తారు, అయిదు డాలర్లు పెట్టి సీసా కొనక్కర్లేదు. సెల్ఫీ స్టిక్ తెస్తే సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు.

పిల్లలకి మిగేల్ వేషం వేయాలనుకుంటే వేయండి. ఎర్రటి హుడీ, చేతిలో చిన్న గిటారు చాలు. పద్నాలుగేళ్లు నిండిన వాళ్లని మాత్రం మామూలు వేళల్లో వేషాలతో రానివ్వరు. పెద్దవాళ్లకి వాడి వాడి మెత్తబడిన బూట్లు వేయించండి. "కొత్తవి కొన్నావుగా, అవే వేసుకుంటా" అని మా నాన్న మొదలుపెట్టారు, మధ్యాహ్నానికి మడమ దగ్గర బొబ్బ. అప్పటిదాకా వీల్ చైర్ మాట ఎత్తితే "నేనేమన్నా ముసలాడినా" అన్న మనిషి, ఆ తర్వాత మాట్లాడలేదు. వీల్ చైర్ గేటు బయటే అద్దెకి దొరుకుతుంది, పొద్దున్నే తీసుకోవడం మంచిది.

ఇవన్నీ కాక ఇంకో రెండు వస్తువులు: ఒక పెన్ను, పోయిన పెద్దల ఫోటో ఒకటి. పర్సులో పట్టే సైజు చాలు. ఎందుకో ముందు ముందు చెప్తాను.

లోపలికి వెళ్లాక

ప్లాజా పార్కుకి బాగా వెనకాల, నీటి గట్టున ఉన్న ప్యారడైజ్ గార్డెన్స్ అనే చోట పెడతారు. గేటు నుంచి పెద్దవాళ్ల నడకకి పావుగంట. చెరువుకి అవతలి ఒడ్డున 150 అడుగుల జెయింట్ వీల్ కనిపిస్తుంది, అదే గుర్తు. ఎవరిని అడిగినా చూపిస్తారు. ఈ పార్కులో కోకో బోటు రైడ్ కడతామని డిస్నీ 2024 ఆగస్టులో ప్రకటించింది. ఆ పనుల వల్ల దారులు మారొచ్చు, కాబట్టి ఆ రోజు పొద్దున డిస్నీల్యాండ్ యాప్ లో మ్యాప్ చూడండి. అందులోనే ఆ రోజు షో ఎన్నింటికో కూడా ఉంటుంది. ఈ టైములు చిన్న కాగితం మీద రాసుకుని మిగతా రోజంతా వాటి చుట్టూ అల్లుకోండి. రైడ్ల మధ్యలో ఖాళీ దొరికితే షో చూద్దాం అనుకుంటే ఆ ఖాళీ దొరకదు.

పొద్దున రెండు గంటలు పిల్లలకి వదిలేయండి. పిల్లల్ని తీసుకుని ఒకరు పెద్ద రైడ్లకి వెళ్లండి, ఇంకొకరు పెద్దవాళ్లని లిటిల్ మెర్మెయిడ్ రైడ్ ఎక్కించండి. అది ప్లాజాకి దగ్గర్లోనే ఉంటుంది, నీడ, చల్లదనం, మెల్లగా కదిలే గవ్వ లాంటి సీటు. జెయింట్ వీల్ ఎక్కుతామంటే ఒక హెచ్చరిక: దానికి రెండు రకాల తొట్లు ఉంటాయి, లైన్లు కూడా వేరు. కదలకుండా ఉండే తొట్టి లైనులో నిలబడ్డామో లేదో రెండుసార్లు అడగండి. రెండో రకం తొట్టి పట్టాల మీద జారుతూ ఊగుతుంది. మన జాతర రంగులరాట్నం లాంటిదే కదా అని ఎక్కితే దిగేదాకా రామనామం చదవాల్సిందే.

షో చూడడం

షో పేరు ఎ మ్యూజికల్ సెలబ్రేషన్ ఆఫ్ కోకో. కథ చెప్పే వాళ్లు, మరియాచీ అనే మెక్సికన్ మేళం పాటగాళ్లు, గిరగిరా తిరిగే రంగురంగుల పరికిణీలతో జానపద నర్తకులు వస్తారు. మిగేల్ మాత్రం బొమ్మ. తెర వెనక దాక్కుని ఆడించరు, ఆడించే వాళ్లు మన కళ్ల ముందే ఉంటారు. రెండు నిమిషాలయ్యేసరికి వాళ్లు కనపడడం మానేస్తారు, పిల్లాడొక్కడే కనిపిస్తాడు. తోలుబొమ్మలాట చూస్తూ పెరిగిన తరం కదా, అమ్మ ఇది చప్పున పట్టేసింది. "బొమ్మ తల వంచినప్పుడు ఆడించేవాడి తల కూడా వంగుతోంది చూడు" అని నాకు చూపించింది. నేను అప్పటిదాకా గమనించనేలేదు.

మాటలు ఇంగ్లీషు, మధ్యమధ్యలో స్పానిష్. అర్థం కాలేదని ఎవరూ దిగులు పడక్కర్లేదు, బుర్రకథలో వంతలు తందాన అన్నట్టు ఇక్కడా పాటే కథని మోసుకుపోతుంది. రిమెంబర్ మీ పాట దగ్గరికి వచ్చేసరికి జనం గొంతు కలుపుతారు. 2018 ఆస్కార్లలో ఉత్తమ పాట బహుమతి దానికే వచ్చింది, ఉత్తమ యానిమేషన్ చిత్రం బహుమతి సినిమాకి వచ్చింది.

షోకి కనీసం ఇరవై నిమిషాల ముందు వెళ్లండి. ముందు వెళ్తే పెద్దవాళ్లకి నీడ ఉన్న చోటు చూసి కూర్చోబెట్టొచ్చు. ఆలస్యమైతే జనం తలల మధ్యలోంచి చూడాలి, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకోవాలి. షో చిన్నది, నడుం నొప్పి రాకముందే అయిపోతుంది. బావుంటే తర్వాతి షోకి కూడా ఉండిపోండి. మొదటిసారి పిల్లలు బొమ్మని చూస్తారు, రెండోసారి మీరు అమ్మ మొహం చూడొచ్చు.

ఒఫ్రెండా దగ్గర

షో అవ్వగానే జనం తిండి వైపు కదులుతారు. మీరు ఒఫ్రెండా వైపు వెళ్లండి. ఒఫ్రెండా అంటే పెద్దల కోసం పేర్చిన పీఠం. మెట్లు మెట్లుగా, బొమ్మల కొలువులా ఉంటుంది. సంప్రదాయంగా వాటి మీద పోయిన వాళ్ల ఫోటోలు, కొవ్వొత్తులు, వాళ్లకి ఇష్టమైన తిండి, దూరం నుంచి నడిచి వచ్చిన వాళ్ల దాహానికి ఒక గ్లాసు నీళ్లు, కాస్త ఉప్పు పెడతారు. సాంబ్రాణి లాంటి కోపల్ పొగ వేస్తారు. పైన తోరణాల్లా వేలాడే కత్తిరించిన రంగు కాగితాలని పపెల్ పికాడో అంటారు. ఒక్కొక్కటి ఏమిటో పెద్దవాళ్లకి చెప్పే ముందు, ఏమై ఉంటుందో వాళ్లనే అడగండి. మా నాన్న నీళ్ల గ్లాసు సంగతి నేను చెప్పకముందే చెప్పేశారు.

బంతిపూల దగ్గర కాసేపు ఆగండి. వాటి రంగు, వాసన చూసి పెద్దలు దారి కనుక్కుంటారని మెక్సికన్ల నమ్మకం. మనం దసరాకి గుమ్మాలకి కట్టే, బతుకమ్మలో పేర్చే బంతి అసలు ఊరు మెక్సికోయే. అక్కడ దాన్ని సెంపసూచిల్ అంటారు. పెరటి పువ్వు పుట్టిల్లు ఇదన్నమాట అని అమ్మ మురిసిపోయింది. నిజానికి మిరపకాయ, టమాటా కూడా ఆ వైపు నుంచి వచ్చినవే, కానీ ఆ మాట చెప్తే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

కొమ్ములు, రెక్కలు, మచ్చలు ఉన్న వింత జంతువుల బొమ్మల్ని అలెబ్రిహేలు అంటారు. సినిమాలో అవి పెద్దల లోకంలో దారి చూపిస్తాయి. అసలు కథ వేరు: మెక్సికో నగరంలో పెద్రో లినారెస్ అనే కాగితపు బొమ్మల కళాకారుడికి 1936లో జ్వరం కలలో కనిపించిన రూపాలు అవి. అంటే పండగ పురాతనమైనా ఈ బొమ్మలు కొత్తవే. పండగని 2008లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదంతా చూస్తుంటే ఒక సందేహం రావచ్చు: ఒక జాతి వాళ్లు తమ పెద్దలకి చేసుకునే పండగని కంపెనీ వాళ్లు టికెట్ పెట్టి అమ్మొచ్చా అని. నాకూ వచ్చింది. 2013లో డిస్నీ ఈ పండగ పేరునే ట్రేడ్ మార్క్ చేసుకోవడానికి దరఖాస్తు పెట్టింది. లాటినో సమాజం భగ్గుమంటే వెనక్కి తీసుకుంది. అప్పుడు దుమ్మెత్తిపోసిన కార్టూనిస్టు లాలో అల్కరాస్ నే తర్వాత సినిమాకి సలహాదారుగా పెట్టుకుంది. ప్లాజాలో తాతయ్యలతో, మనవలతో వచ్చిన మెక్సికన్ కుటుంబాలు చాలా కనిపిస్తాయి. వాళ్లు పీఠం ముందు ఎలా నిలబడుతున్నారో చూసి మీరూ అలా నిలబడండి. ఫోటో కోసం వేళ్లతో కొమ్ములు పెట్టే చోటు కాదు అది.

చీటీ రాయడం

దీని కోసమే పెన్ను తెమ్మన్నాను. పోయిన మన వాళ్లకి రెండు మాటలు చిన్న చీటీ మీద రాసి తగిలించడానికి ప్లాజాలో ఒక గోడ ఉంటుంది. రద్దీ ఉన్నప్పుడు అక్కడున్న పెన్నుల కోసం ఎదురు చూడాలి, సొంత పెన్ను ఉంటే పక్కకి వెళ్లి నింపాదిగా రాసుకోవచ్చు. తెచ్చిన ఫోటో అప్పుడు బయటికి తీయండి. గోడకి తగిలించడానికి కాదు, చేతిలో పట్టుకుని చూస్తూ రాయడానికి. తర్వాత మళ్లీ పర్సులో పెట్టేసుకోండి.

ఇక్కడ తొందర పెట్టకండి. పిల్లలు రైడ్ అని గోల చేస్తే ఒకరు వాళ్లని తీసుకుని వెళ్లిపోండి, పెద్దవాళ్లని వదిలేయండి. అమ్మ "ఇంగ్లీషులోనే రాయాలా?" అని అడిగింది. చుట్టూ స్పానిష్, ఇంగ్లీషు, కొరియన్ చీటీలు కనిపిస్తున్నాయి. తెలుగులోనే రాయమన్నాను. చెట్టు నీడన కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని మీద చీటీ పెట్టి మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. తొంగి చూస్తే చీటీ నిండిపోయింది: "పూజ్యురాలైన అమ్మకి నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను." చిన్నప్పుడు ఇన్లాండ్ లెటర్ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టింది, అసలు సంగతికి చోటు లేకపోయింది. ఇంకో చీటీ తెచ్చిచ్చాను. దాని మీద ఏం రాసిందో నాకు చూపించలేదు.

మీరూ ఒకటి రాయండి. పిల్లల చేత కూడా రాయించండి, వాళ్లు చూడని తాతయ్యకైనా సరే. మా చిన్నాడు "మీ ఫోటో హాల్లో ఉంది, వర్రీ అవకండి" అని రాశాడు. సినిమా ఎంత బాగా ఎక్కిందో అప్పుడు తెలిసింది.

తిండి

పక్కనే ఉన్న ప్యారడైజ్ గార్డెన్ గ్రిల్ లో ఈ సీజన్ కి మెక్సికన్ వంటలు పెడతారు. యాప్ లో మొబైల్ ఆర్డర్ పెట్టేస్తే లైను తప్పుతుంది, అయితే శాకాహారులు కౌంటర్ దగ్గర మనిషితో మాట్లాడటమే నయం. మాంసం లేని ప్లేటు కనిపించగానే ఆర్డర్ చేయకండి. మెక్సికన్ వంటల్లో బీన్స్ ని పంది కొవ్వుతో వేయించడం, అన్నాన్ని చికెన్ స్టాక్ తో వండడం మామూలే. లార్డ్ (పంది కొవ్వు) ఉందా, చికెన్ స్టాక్ ఉందా అని ఈ రెండూ పేరు పెట్టి అడగండి. వెజిటేరియనా అంటే అవునని, చేసింది స్టాక్ తో అయినా చెప్పే వాళ్లు ఎక్కడైనా ఉంటారు. అనుమానంగా ఉంటే షెఫ్ తో మాట్లాడతామంటే పిలుస్తారు.

పాన్ డె ముయెర్తో ఎక్కడైనా దొరికితే రుచి చూడండి. పండగకి చేసే గుండ్రటి తీపి బ్రెడ్, పైన ఎముకల ఆకారంలో పిండి తీగలు, నారింజ వాసన. గుడ్డు వేస్తారు, తినని వాళ్లకి ముందే చెప్పండి. మా ఇంట్లో పిల్లలు బ్రెడ్ తిన్నారు, పెద్దవాళ్లు పులిహోర డబ్బా తీశారు, నేను రెండు వైపులా చెయ్యి పెట్టాను.

బయల్దేరే ముందు

బాష్ లేని రోజైతే చీకటి పడే వేళకి, కార్స్ అనే యానిమేషన్ సినిమాలోని ఊరిలా కట్టిన కార్స్ ల్యాండ్ మీదుగా నడిచి బయటికి రండి. నియాన్ లైట్లు వెలిగాక ఆ వీధి చూడాల్సిందే, ఈ సీజన్ లో అక్కడి కార్లకి కూడా హాలోవీన్ వేషాలు వేస్తారు. అక్టోబరులో చీకటి తొందరగా పడుతుంది కాబట్టి దీనికోసం రాత్రిదాకా ఆగక్కర్లేదు. పొరపాటున పార్క్ హాపర్ కొన్న వాళ్లు ఎదుటి డిస్నీల్యాండ్ లో ఫ్రాంటియర్ ల్యాండ్ వైపు వెళ్తే జోకలో పార్కు అనే చిన్న చోట ఇంకో ఒఫ్రెండా ఉంటుంది. అది చిన్నదే, అయిదు నిమిషాల పని.

రాత్రి భోజనానికి పార్కులో పెట్టే డబ్బు పెట్టే బదులు పన్నెండు మైళ్ల దూరంలో ఆర్టీజియాకి వెళ్లండి. పయనీర్ బులెవార్డ్ మొత్తం మన దేశపు దుకాణాలే, దోశ దొరకని సమస్య లేదు. బూట్లు విప్పేసి చెప్పులు వేసుకునే వీలుగా కారులో ఒక జత ఉంచండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. చీటీ తగిలించకముందే దానికి ఫోటో తీసుకోండి, తగిలించాక అది మనతో ఇంటికి రాదు. నేను మొదటి చీటీకి తీసి ఆర్టీజియా వెళ్లే దారిలో ఊళ్లో ఉన్న పిన్నికి వాట్సాప్ లో పంపాను. అక్కడ తెల్లారిపోయింది కాబట్టి వెంటనే జవాబు వచ్చింది: "బాగుంది. కింద నా పేరు కూడా రాయొచ్చుగా, మా అమ్మ కాదా?"